పని పోయినవాళ్ళ పన్ను

హోసూరు బస్టాండులో బెంగళూరు బస్సెక్కితే జూజువాడి, అత్తిబెలె, చందాపుర దాటాక ఎలక్ట్రానిక్ సిటీ వస్తుంది. దేశమంతటా ఆన్‌లైన్లో వేసే ఆదాయపు పన్ను రిటర్నులను పరిశీలించి, రీఫండ్ ఎంతో తేల్చే కేంద్రం 2009లో అక్కడే మొదలైంది. మా వృత్తిలో దాన్ని సీపీసీ అంటాం. అప్పట్లో రిటర్ను వేశాక ఒక పేజీ కాగితం తీసి, నీలం సిరాతో సంతకం పెట్టించి, మామూలు పోస్టులో పంపవలసి ఉండేది. పోస్ట్ బ్యాగ్ నంబర్ 1, ఎలక్ట్రానిక్ సిటీ పోస్టాఫీసు, బెంగళూరు 560100. ఆ చిరునామా నేను రాసినన్ని కవర్ల మీద మా ఇంటి చిరునామా కూడా రాసి ఉండను. కశ్మీరు నుంచి, అస్సాం నుంచి కాగితాలు వచ్చి చేరే చోటు మాకు పక్క ఊరు. అయినా హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల పని పోయినవాళ్ళలో తమకు రావలసిన రీఫండ్ కోసం ఆ దారిన కాగితం పంపినవాళ్ళు తక్కువ. ఈ వ్యాసం రాయడానికి నన్ను కూర్చోబెట్టింది అదే.

నేను హోసూరులో రిటర్నులు రాసేవాణ్ణి. మొదట సిప్కాట్ పారిశ్రామికవాడలో ఒక చిన్న విడిభాగాల కంపెనీలో లెక్కల గుమాస్తాగా చేశాను. ఆ కంపెనీ మూతపడ్డాక రాయకోట రోడ్డులో ఒక గది తీసుకుని ఈ పని మొదలుపెట్టాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది మొరసునాటి తెలుగువాళ్ళు. బేరికె, సూలగిరి, బాగలూరు, వేపనపల్లి, తళి, కెలమంగలం వైపు వాళ్ళు. తక్కినవాళ్ళు తమిళులు, కన్నడిగులు. ఒకే మనిషి బల్ల దగ్గర మూడు భాషలూ మాట్లాడటం మా దగ్గర మామూలే.

రీఫండ్ ఎప్పుడు వస్తుందో ముందు చెప్పాలి. ఏడాది పొడుగునా ఉద్యోగం నిలకడగా ఉన్నవాడికి సాధారణంగా పెద్దగా రీఫండ్ ఉండదు. కంపెనీ ఏప్రిల్లో కూర్చుని, ఈ మనిషికి పన్నెండు నెలల్లో ఇంత జీతం వస్తుంది, దానికి ఇంత పన్ను అని అంచనా వేసి, ఆ పన్నును నెలనెలా పట్టుకుంటుంది. మార్చికి లెక్క సరిపోతుంది. సెప్టెంబరులో ఉద్యోగం పోతే మాత్రం లెక్క తిరగబడుతుంది. పట్టుకున్నదేమో పన్నెండు నెలల జీతాన్ని మనసులో పెట్టుకుని. చేతికి వచ్చిందేమో ఆరు నెలల జీతం. ఎక్కువగా పట్టిన పన్ను వెనక్కి రావాలి. అంటే మా ఊళ్ళో రీఫండ్ల చరిత్ర రాయడం మొదలుపెడితే అది చాలావరకు ఉద్యోగాలు పోయిన చరిత్రే అవుతుంది. ఉద్యోగం పోయినప్పుడు చేతికిచ్చే పరిహారం మీద పన్ను ఉందా లేదా, ఉంటే ఎంత అన్న ప్రశ్న దానికి తోడవుతుంది. ఒక మనిషికి పనిలేని కాలంలో సర్కారు, యజమాని ఇచ్చే డబ్బు మీద అదే సర్కారు పన్ను తీసుకోవచ్చునా? ఈ ప్రశ్న మా నేల మీద చాలా పాతది.

హోసూరు, కృష్ణగిరి రెండూ 1965 వరకు సేలం జిల్లాలోవి. తరవాత ధర్మపురి జిల్లాలోకి వెళ్ళాయి. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లా ఏర్పడింది. అంతకు చాలా ముందు, 1792లో టిప్పు సుల్తాను ఒప్పందంతో బారామహల్ కంపెనీ చేతికి వచ్చింది. కృష్ణగిరి అందులో భాగం. అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుడిగా థామస్ మన్రో పొలం పొలానికీ శిస్తు కట్టి, రైతుతో నేరుగా లెక్క పెట్టుకునే పద్ధతిని ఇక్కడే దిద్దుకున్నారు. ఆ మన్రోయే తరవాత దత్తమండలాలకు వెళ్ళి తెలుగువాళ్ళకు మన్రోలయ్య అయ్యాడు. హోసూరు వైపు నేల 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక వచ్చి కలిసింది. ఆ రైత్వారీ పద్ధతిలో పంట పోయిన ఏడు శిస్తులో తగ్గింపు ఇవ్వడం అనే ఆనవాయితీ ఉండేది. జమాబందీలో దాన్ని వజా అని రాసేవారు. అయితే ఆ వజా దానంతటది రాదు. ఏ సర్వే నంబరులో ఎంత పోయిందో అడంగల్లో ఎక్కాలి. అడంగల్ రాసేది కరణం. కరణం రాయకపోతే ఎండిన చేనికి కూడా శిస్తు నిండుగా ఉంటుంది.

ఈ మాట నాకు ఇంట్లో తెలిసింది. మా నాయన సూలగిరి వైపు ఒక ఊరికి ఆఖరి కరణం. 1980 నవంబరులో తమిళనాడు ప్రభుత్వం పార్ట్‌టైం గ్రామాధికారుల పదవులను రద్దుచేసింది. 1982లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని చెప్పింది. ఆ సంస్కరణ జరగవలసిందే. తరతరాలుగా ఒకే ఇంటి చేతిలో ఊరి లెక్కలు ఉండటం న్యాయం కాదని మా నాయనే ఒప్పుకునేవాడు. కానీ నలభై దాటిన మనిషికి ఒక్కరోజులో చేతిలో పని లేకుండా పోవడం అంటే ఏమిటో నేను చూశాను. ఆయన నాకు లెక్క నేర్పుతూ తరచు ఒక మాట అనేవాడు: "ఏం పోయినాదో రాసుండాలప్పా. రాయంది ఇచ్చేదానికి ఏ దొరకీ చెయ్యి రాదు."

పన్ను, పనిలేనివాళ్ళ పోషణ ఈ దేశంలో ఒకే కరువులోంచి కలిసి నడిచాయని చాలామందికి తెలియదు. ఆదాయపు పన్ను మొదట 1860లో వచ్చింది. సిపాయిల తిరుగుబాటు ఖర్చు పూడ్చుకోవడానికి జేమ్స్ విల్సన్ తెచ్చాడు. మద్రాసు గవర్నరు చార్లెస్ ట్రెవెల్యన్ దాన్ని బాహాటంగా వ్యతిరేకించి పదవి పోగొట్టుకున్నాడు. ఆ పన్ను కొన్నేళ్ళుండి పోయింది. తరవాత 1876 నుంచి 1878 వరకు మహా కరువు. సేలం జిల్లా జనాభా 1871 లెక్కల్లో సుమారు 19 లక్షల 67 వేలు. 1881కి అది 16 లక్షలకు పడిపోయింది. పెరగవలసిన పదేళ్ళలో మూడున్నర లక్షలకు పైగా మనుషులు తగ్గారు. చచ్చినవాళ్ళు కొందరు, ఊరు విడిచి కాఫీ తోటలకు, కడలి దాటి పోయినవాళ్ళు కొందరు. పని దొరకని జనానికి సర్కారు కరువు పనులు పెట్టింది. చెరువు కట్టలు, రోడ్లు. 1877 మొదట్లో రిచర్డ్ టెంపుల్ వచ్చి కూలి తగ్గించాడు. మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్, ఈ తిండితో మట్టి మోసే మనిషి బతకడని పోట్లాడాడు. కొన్ని నెలలకు కూలి మళ్ళీ పెరిగింది.

ఆ కరువు ఖర్చు చూసి బెదిరిన సర్కారు, ఇక ముందు వచ్చే కరువులకు ఏటా కోటిన్నర రూపాయలు పక్కన పెడతామంది. ఆ డబ్బు కోసం 1878లో వ్యాపారాల మీద, వృత్తుల మీద లైసెన్సు పన్ను వేసింది. ఆ లైసెన్సు పన్ను స్థానంలోనే 1886లో ఆదాయపు పన్ను చట్టం స్థిరంగా వచ్చి కూర్చుంది. నేను రోజూ నింపే ఫారాలకు ముత్తాత ఒక కరువు నిధి. పన్ను అనేది పనిలేని రోజుకు దాచిపెట్టే సొమ్ము అన్న ఒప్పందం ఆ పుట్టుకలో ఉంది. ఆ ఒప్పందాన్ని నేను నిజంగా నమ్ముతాను.

కూలికి బదులు పరిహారం అనే చట్టం మాత్రం స్వాతంత్ర్యం వచ్చాకే వచ్చింది. పారిశ్రామిక వివాదాల చట్టం 1947లోదే అయినా, 1953 అక్టోబరులో చేర్చిన భాగంతో లే-ఆఫ్ అయిన కార్మికుడికి సగం వేతనం, రిట్రెంచ్ అయి ఉద్యోగం పోయినవాడికి పనిచేసిన ప్రతి ఏడాదికి పదిహేను రోజుల సగటు వేతనం దక్కాయి. 1957లో కంపెనీ మూసేస్తే కూడా పరిహారం ఇవ్వాలని చేర్చారు. ఇది వచ్చాక ఆదాయపు పన్ను చట్టానికి ఒక చిక్కు వచ్చింది. యజమాని దగ్గర్నుంచి వచ్చేదంతా జీతమేనా? 1961 చట్టం లెక్కలో ఉద్యోగం పోయినందుకు ఇచ్చే పరిహారం కూడా 'జీతానికి బదులు లాభం'. ఆ మాట చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. బతుకుతెరువు పోయినందుకు ఇచ్చినదాన్ని ఏ మనిషీ లాభం అనుకోడు. 1976 ఏప్రిల్ నుంచి ఆ పరిహారానికి ఒక పరిమితి దాకా మినహాయింపు ఇచ్చారు. పదో సెక్షన్లో 10బి క్లాజు అది. 1997 జనవరి 1 నుంచి ఆ పరిమితి 5 లక్షలు. ఇప్పటికీ అదే 5 లక్షలు. అప్పట్లో ఏడాదికి 40 వేల రూపాయల దాకా ఆదాయానికి పన్ను లేదు. ఇప్పుడు కొత్త పద్ధతిలో 4 లక్షల దాకా లేదు. ఆ గీత పదింతలు జరిగింది. పని పోయినవాడి గీత మాత్రం అక్కడే ఉంది.

హోసూరుకు ఈ చట్టాలన్నీ 1970ల చివర దాకా దూరపు మాటలు. ఇక్కడ ఉన్నది రాగి చేలు, కూరగాయల తోటలు, మల్బరీ, పశువుల ఫారం. సిప్కాట్ వచ్చాక ఊరు మారింది. 1980లో అశోక్ లేలాండ్ ఇక్కడ ఉత్పత్తి మొదలుపెట్టింది. ఇక్కడ తయారైన టీవీఎస్ 50 మోపెడ్ అదే ఏడాది రోడ్డెక్కింది. 1987 నుంచి టైటాన్ గడియారాలు. ఈ పెద్ద కంపెనీల చుట్టూ వందల చిన్న షెడ్లు. నట్లు, బోల్టులు, రబ్బరు, పెయింటు, ప్యాకింగు. మా నాయనకు పని పోయిన ఏడే ఊళ్ళో పిల్లలకు నెల జీతం అనేది మొదటిసారి ఎదురైంది. అప్పటిదాకా మా ఇళ్ళల్లో డబ్బు పంటకు వచ్చేది, సంతకు వచ్చేది. నెలకు వచ్చేది కాదు.

అప్పటి కార్మికుడికి ఆదాయపు పన్ను పట్టేది కాదు. 1990ల్లో ఓవర్‌టైము, బోనసు కలిసి పర్మనెంట్ కార్మికుడి జీతం పన్ను గీత దాటడం మొదలైంది. చిన్న షెడ్లు మూతపడటం కూడా ఆ రోజుల్లోనే చూశాను. షెడ్డు మూసే రోజున యజమాని సెటిల్‌మెంట్ అని ఒక మొత్తం చేతిలో పెట్టేవాడు. జీతం బకాయి, సెలవుల డబ్బు, గ్రాట్యుటీ, పరిహారం అన్నీ ఒకే అంకెగా. విడగొట్టి రాయమంటే విసుక్కునేవాడు. లెక్కల గుమాస్తా ఆ అంకె మొత్తం జీతం కిందే చూపి పన్ను పట్టేవాడు. అందులో గ్రాట్యుటీకి వేరే మినహాయింపు ఉంది, పరిహారానికి వేరే ఉంది. విడగొట్టి రాస్తే పన్ను సున్నా అయ్యే మనిషి, కలిపి రాయడం వల్ల వేలల్లో కట్టి ఇంటికి పోయాడు. ఆ డబ్బు రీఫండుగా తెచ్చుకోవడానికి దారి ఉంది. దారి తెలిసినవాళ్ళు లేరు.

దీనికంటే పెద్ద దెబ్బ రాజీనామా కాగితం. ఇది నేను చాలా సంవత్సరాలు దగ్గరగా చూసిన సంగతి. కంపెనీ కుదించుకునేటప్పుడు రిట్రెంచ్‌మెంట్ అని రాస్తే నోటీసు ఇవ్వాలి, లేబర్ ఆఫీసుకు తెలియజేయాలి, మనుషులు ఎక్కువుంటే ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. అందుకని కార్మికుణ్ణి పిలిచి, పైన ఇంకో ఇరవై వేలు ఇస్తాం, సొంత కారణాలతో మానుకుంటున్నానని రాసివ్వు అంటారు. మనవాడు రాసిస్తాడు. ఇంటి అద్దె కట్టాలి కదా. ఆ కాగితం మీద సంతకం పెట్టిన క్షణాన, చట్టం దృష్టిలో అతను పని పోయినవాడు కాడు, పని వదులుకున్నవాడు. 10బి మినహాయింపు పోయింది. నిరుద్యోగ భృతి అడిగే హక్కు పోయింది. నేను తరవాత చెప్పబోయే పీఎఫ్ మినహాయింపూ పోయింది. ఇరవై వేల కోసం ఎంత వదులుకున్నాడో అతనికి చెప్పేవాళ్ళు ఆ గదిలో ఉండరు. మా నాయన చెప్పిన అడంగల్ సంగతి నాకు అక్కడ అర్థమైంది. ఎండిన చేనును పండినట్టు రాసిచ్చాక వజా ఎవరిస్తారు?

పెద్ద కంపెనీల్లో, ప్రభుత్వ రంగంలో స్వచ్ఛంద విరమణ అనే దారి పెట్టారు. 1987లో మొదట ప్రభుత్వ రంగ సంస్థలకు, తరవాత తక్కిన కంపెనీలకు, పదో సెక్షన్లోనే 10సి అనే మినహాయింపు ఇచ్చారు. దానికీ 5 లక్షలే హద్దు. హోసూరు నుంచి రోజూ బస్సులో బెంగళూరు ప్రభుత్వ ఫ్యాక్టరీలకు వెళ్ళి వచ్చేవాళ్ళు చాలామంది ఆ దారిన ఇంటికి వచ్చారు. ఇక్కడ ఒక ముఖ్యమైన కోర్టు కథ ఉంది. 5 లక్షలు దాటిన మొత్తం మీద పన్ను పడుతుంది. ఆ మొత్తం ఇరవై ఏళ్ళ చాకిరీకి ఒక్క ఏడాదిలో వచ్చిపడింది కాబట్టి పై శ్లాబుకు పోతుంది. అలాంటి ఒక్కసారి వచ్చిపడే సొమ్ముకు 89వ సెక్షన్ కింద ఉపశమనం ఉంది. గడిచిన మూడేళ్ళ మీదికి ఆ మొత్తాన్ని మూడు భాగాలుగా పరిచినట్టు ఊహించి, ఆ ఏళ్ళ సగటు రేటుతో లెక్కకట్టి, తేడా వాపసు ఇస్తారు. రెండూ కలిపి ఇవ్వం, 10సి తీసుకున్నాక 89 లేదు అని ఆదాయపు పన్ను శాఖ వాదించింది. 2005లో మద్రాసు హైకోర్టు ఉద్యోగి వైపు తీర్పు ఇచ్చింది. మినహాయింపు పోగా మిగిలిన దాని మీద ఉపశమనం కూడా ఇవ్వాలంది. ఆ తీర్పు చేతపట్టుకుని నేను చాలామందికి సవరించిన రిటర్నులు వేశాను. ఇంటికి చెక్కులు వచ్చాయి. ఒకాయన ఆ చెక్కుతో కూతురి నర్సింగు కాలేజీ ఫీజు కట్టాడు.

2009 బడ్జెట్ ఆ తలుపు మూసింది. ఇకపై రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి అని చట్టం మార్చారు. మార్చింది పెద్ద జీతాల మేనేజర్లను దృష్టిలో పెట్టుకుని కావచ్చు. దెబ్బ తగిలింది ఇరవై అయిదేళ్ళు లేతు మిషను దగ్గర నిలబడ్డవాళ్ళకు కూడా.

నిరుద్యోగ భృతి గురించి కొద్దిగా. కార్మికుల బీమా అయిన ఈఎస్ఐలో ఉన్నవాళ్ళకు 2005 ఏప్రిల్లో రాజీవ్ గాంధీ పేరుతో, 2018 జూలైలో అటల్ పేరుతో పథకాలు వచ్చాయి. రెండోదానిలో రోజు సగటు వేతనంలో పావు వంతు, 90 రోజుల దాకా. కోవిడ్ కాలంలో దాన్ని సగానికి పెంచారు. ఈఎస్ఐ జీతం హద్దు 2017 నుంచి నెలకు 21 వేలు. ఏడాదికి లెక్క కడితే 2 లక్షల 52 వేలు. అంటే ఈఎస్ఐలో ఉన్నవాడు ఇప్పుడు పన్ను గీతకు కిందే ఉంటాడు, భృతి వల్ల అతని పన్ను పెద్దగా మారదు. మా దగ్గర పనిలేని నెలల్లో నిజంగా ఆదుకునేది ప్రావిడెంట్ ఫండ్. దాని మీదే పన్ను కోత గట్టిగా పడింది.

2015 జూన్ 1 నుంచి కొత్త నిబంధన వచ్చింది. అయిదేళ్ళ సర్వీసు నిండకుండా పీఎఫ్ తీస్తే, మొత్తం 30 వేలు దాటితే, పది శాతం పన్ను పట్టుకుని ఇస్తారు. మరుసటి ఏడు జూన్‌లో హద్దును 50 వేలు చేశారు. పాన్ కార్డు ఇవ్వనివాళ్ళకు పట్టిన రేటు అప్పట్లో 34.608 శాతం. మూడో వంతుకు పైగా. అంత రేటు దేశంలో కోటీశ్వరులకు వేసే రేటు. 2023 ఏప్రిల్లో దాన్ని 20 శాతానికి తగ్గించారు. హోసూరు షెడ్లలో, బొమ్మనహళ్ళి, బొమ్మసంద్ర గార్మెంట్స్‌లో మూడు నాలుగేళ్ళు చేసి పెళ్ళికో, కాన్పుకో, కంపెనీ తీసేసిందనో ఇంటికి వచ్చే అమ్మాయిలకు అయిదేళ్ళు నిండటం అరుదు. వాళ్ళలో చాలామందికి అప్పటికి పాన్ కార్డే లేదు.

ఆ డబ్బు వాళ్ళకు ఎంత ముఖ్యమో 2016 ఏప్రిల్ 18, 19 తేదీల్లో దేశం చూసింది. సొంత వాటా తప్ప యజమాని వాటాను 58 ఏళ్ళ దాకా తీయకూడదని ఆ ఫిబ్రవరిలో ఒక నోటిఫికేషన్ వచ్చింది. ఏ యూనియనూ పిలవకుండానే బెంగళూరు గార్మెంట్స్ ఆడవాళ్ళు వేలల్లో పని వదిలి రోడ్డు మీదికి వచ్చారు. హోసూరు రోడ్డు ఆగిపోయింది. మా ఊరి బస్సులు గంటల తరబడి నిలిచిపోయాయి. 19వ తేదీనే కేంద్రం ఆ నోటిఫికేషన్ వెనక్కి తీసుకుంది. రెండు రోజుల్లో కేంద్ర ప్రభుత్వం చేత మాట మార్పించిన ఆ ఆడవాళ్ళను తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. అయితే అంత పోరాడి నిలబెట్టుకున్న డబ్బులోంచి పోయిన పదో వంతు గురించి అడగడానికి వాళ్ళలో వచ్చినవాళ్ళు కొందరే.

అలా వచ్చినవాళ్ళలో బేరికె వైపు అమ్మాయి ఒకామె ఉంది. మూడేళ్ళ చిల్లర చేసింది. కంపెనీ మూతపడింది. ఫారం 19 పెట్టి పీఎఫ్ తీసుకుంది. 76 వేలు రావలసింది, 68,400 వచ్చింది. "పనే లేకుండా పోయినాది మామా, ఇంగ పన్ను దేనికి పట్టినారు?" అని అడిగింది. అంత సూటిగా ఏ పన్ను పుస్తకమూ అడగలేదు. ఆమెకు వివరంగా చెప్పాను. ఆ 76 వేలలో సగానికి మించి ఆమె జీతంలోంచి తీసి దాచినదే. కోత మాత్రం మొత్తం మీద పడింది. పైగా అయిదేళ్ళు నిండకపోయినా, యజమాని వ్యాపారం ఆగిపోయినందువల్లో, ఒంట్లో బాగాలేనందువల్లో, తన చేతిలో లేని మరో కారణంవల్లో పని పోతే ఆ పీఎఫ్‌కు పన్నే లేదని చట్టం నాలుగో షెడ్యూలులో ఉంది. ఆమె ఆదాయం ఎటూ పన్ను గీతకు చాలా కింద ఉంది కాబట్టి, డబ్బు తీసే ముందే, నా ఆదాయానికి పన్ను పడదని రాసిచ్చే ఫారం 15జి ఇచ్చి ఉంటే కోతే పడేది కాదు. ఇవ్వమని ఎవరూ చెప్పలేదు. పాన్ మీద పట్టిన పన్నుల లెక్క చూపే 26ఏఎస్ తీసి చూశాం. పీఎఫ్ కోతకు సంబంధించిన 192ఏ సెక్షన్ కింద 7,600 ఆమె పాన్ మీద జమ అయి ఉంది. రిటర్ను వేశాం. కాగితం ఎలక్ట్రానిక్ సిటీకి పోయింది. డబ్బు ఆమె ఖాతాలో పడింది, నెలకు అర శాతం వడ్డీతో. ఆ 7,600తో కుట్టుమిషను కొనుక్కుంది. ఆమె చెల్లెళ్ళిద్దరూ తరవాత నా దగ్గరికే వచ్చారు.

రీఫండును సర్కారే సాయంగా చూసిన రోజు ఒకటి వచ్చింది. 2020 ఏప్రిల్ 8. లాక్‌డౌన్ మొదలై రెండు వారాలు. 5 లక్షల లోపు పెండింగులో ఉన్న రీఫండ్లన్నీ వెంటనే ఇస్తామని ఆర్థిక శాఖ ప్రకటించింది. సుమారు 14 లక్షల మందికి మేలు అని చెప్పింది. రాష్ట్ర సరిహద్దులో అత్తిబెలె దగ్గర పాసు లేకుండా ఎవరినీ వదలని రోజులవి. సిప్కాట్ గేట్లన్నీ మూసి ఉన్నాయి. నా దగ్గర రిటర్ను వేసినవాళ్ళ ఫోన్లకు బ్యాంకు మెసేజులు వచ్చాయి. బియ్యం కొన్నాం అన్నా అని ఒకాయన ఫోన్ చేశాడు. 1877 అణా కూలికీ ఈ మెసేజుకూ మధ్య నూటనలభై ఏళ్ళు గడిచాయి. ఈసారి వచ్చింది కరువు కూలిగా కాదు, వాళ్ళు ముందే కట్టిన డబ్బుగా.

అమెరికాలో ఈ లెక్క ఇంకోలా నడుస్తుంది. మా పెద్దక్క కొడుకు న్యూజెర్సీలో ఉద్యోగం పోయి కొన్ని నెలలు భృతి తీసుకున్నాడు. అక్కడ నిరుద్యోగ భృతి 1979 నుంచి కొందరికి, 1987 నుంచి అందరికీ పూర్తిగా పన్ను పరిధిలోకి వచ్చింది. భృతిలోంచి పది శాతం ముందే పట్టుకొమ్మని చెప్పవచ్చు. చెప్పకపోతే పూర్తిగా చేతికి వస్తుంది. చాలామంది చెప్పరు. ఏప్రిల్లో రిటర్ను వేసేసరికి ప్రతి ఏడూ వచ్చే రీఫండ్ కరిగిపోయి ఉంటుంది, ఒక్కోసారి ఎదురు కట్టవలసి వస్తుంది. కోవిడ్ తరవాత 2021 మార్చి 11న అక్కడ చట్టం మార్చి, ముందటి ఏడు తీసుకున్న భృతిలో 10,200 డాలర్ల దాకా పన్ను తీసేశారు, లక్షా యాభై వేల డాలర్ల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకు. అప్పటికే రిటర్ను వేసినవాళ్ళు లక్షల మంది. చాలావరకు వాళ్ళు మళ్ళీ అడగనక్కరలేకుండా, పన్ను శాఖే లెక్క తిరిగి కట్టి తేడా పంపింది. మా వాడికి అలాగే వచ్చింది. ఫోన్లో ఈ సంగతి విన్నప్పుడు నాకు మనసులో పట్టింది డాలర్ల అంకె కాదు, అడగకుండానే పంపారన్న మాట. పట్టుకున్నవాళ్ళ దగ్గరే లెక్క ఉంది. ఎవరికి ఎంత ఎక్కువ పట్టారో వాళ్ళకు తెలుసు. మన దగ్గరా తెలుసు. బేరికె అమ్మాయి 7,600 ఆమె పాన్ మీద ఆమెకంటే ముందే సర్కారు కంప్యూటరులో రాసి ఉంది.

2025 బడ్జెట్ తరవాత కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు వల్ల పన్ను కట్టనక్కరలేదు. మా సిప్కాట్ కార్మికుల్లో దాదాపు అందరూ ఆ గీతకు కిందే ఉన్నారు. అయినా అయిదేళ్ళు నిండని పీఎఫ్ మీద పది శాతం కోత అలాగే ఉంది. పన్నే పడనివాళ్ళ దగ్గర పట్టుకుని, అడిగినవాళ్ళకు ఇస్తున్నారు. నా దృష్టిలో దీన్ని సరిచేయడం పెద్ద పని కాదు. పీఎఫ్ క్లెయిము వచ్చినప్పుడు కార్మికుడు ఎందుకు మానేశాడో యజమాని రాసిన గడి ఒకటి ఉంటుంది. దానితో పాటు కార్మికుడి మాట కూడా అడగాలి, ఫారం 15జి కూడా అదే చోట వాళ్ళ భాషలో చూపించాలి. మా వైపు అయితే తమిళం, తెలుగు, కన్నడం మూడింటిలోనూ.

అందాకా చేయగలిగినది ఒకటి ఉంది. రిటర్ను గడువు దాటిపోయినవాళ్ళు ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకోవచ్చు. 2024 అక్టోబరు 1 నాటి సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన నాటి నుంచి అయిదేళ్ళ లోపు అర్జీ చేరాలి. మన్నిస్తే అసలు వస్తుంది, వడ్డీ రాదు. లాక్‌డౌన్ ఏడు 2020-21లో ఈ దారి పొడుగునా ఎన్ని షెడ్లు మూతపడ్డాయో మాకు తెలుసు. ఆ ఏడు పీఎఫ్‌లో కోత పడినవాళ్ళ గడువు 2027 మార్చి 31 దాకా ఉంది. పాన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, పని మానేసిన కాగితం ఏదైనా ఉంటే అది పట్టుకుని, దగ్గర్లో రిటర్నులు రాసే ఎవరి దగ్గరికైనా వెళ్ళండి. ముందు 26ఏఎస్ తీయించి, 192ఏ అన్న వరుస ఉందేమో చూడమని అడగండి.